దేముడి బాతుకాళ్ళు

తవిటయ్య బిగించింది ఊడిందన్న మాట ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఎవరూ వినలేదు. వ్యాగన్ షాపులో ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది. బ్రేకు కడ్డీలు కలిసేచోట పిన్ను దిగ్గొట్టడం, ఆ పిన్ను జారకుండా దాని కొసనున్న బెజ్జంలో స్ప్లిట్ పిన్ను దూర్చడం, దూర్చినదాని రెండు కాళ్ళనీ ప్లయరుతో చెరోపక్కకీ విరిచెయ్యడం. ఇంతే పని. చూసేవాడికి ఇదీ ఒక విద్యేనా అనిపిస్తుంది. కానీ ఆ వేలెడు ఇనప తీగ ఊడితే కడ్డీ పట్టాల మీద పడుతుంది, కడ్డీ పడితే బండే పడుతుంది. అందుకని తవిటయ్య తన విద్యని చాలా పెద్దగా చూసుకునేవాడు. కుర్ర ఫిట్టర్లు ఒక కాలు విరిచి రెండోది వదిలేస్తే ప్లయరు లాక్కుని మరీ తిట్టేవాడు. "సగం బిగించినోడు అసలు బిగించనోడి కన్నా ఎదవ" అనేవాడు.

ఆ షాపులో ఇంకో ఆనవాయితీ ఉండేది. బయటికి పోయిన వ్యాగను చెడి తిరిగొస్తే, ఫోర్‌మన్ వచ్చి నిలబడగానే, ఎవరి పని వల్ల చెడిందో వాడే ముందుకొచ్చి "నాదే సార్" అనెయ్యాలి. అంటే చివాట్లో ఛార్జిషీటో పడేది పడుతుంది, కాగితం మూసేస్తారు, అందరూ ఎవరి బెంచీ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోతారు. అనకపోతే షాపు మొత్తానికి మనశ్శాంతి ఉండదు. తవిటయ్యకి ఆ మాట అనాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. రాలేదు కాబట్టే ఆ నీతి అందరికీ ధారాళంగా బోధించేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఇంత గట్టి మనిషికి ఇంట్లో మాత్రం ఒకచోట పట్టు తప్పింది. చెల్లెలు గంగాభవాని ఆయనతో మాట్లాడ్డం మానేసింది.

తప్పు ఆమెదని అనలేం. వీళ్ళ తండ్రి భీమునిపట్నం పక్క ఊరి జాలరి. వల వదిలేసి రైల్వేలో చేరి ఖరగ్‌పూర్ వచ్చాడు. తవిటయ్య ఇక్కడే పుట్టాడు. సముద్రం అంటే ఆయనకి నాన్న చెప్పిన కబుర్లే తప్ప మోకాలి లోతు నీళ్ళలో కూడా ధైర్యంగా నిలబడలేడు. చెల్లెలికి మాత్రం ఆ ఒడ్డు సంబంధమే చేశాడు. పెళ్ళికొడుకు పేరు దేముడు. సముద్రం అడుగున రాళ్ళకి వల చిక్కుకుంటే, ఊపిరి బిగబట్టి మునిగి ఆ వల విప్పుకొచ్చే పని అతనిది. నాలుగైదు ఊళ్ళ వాళ్ళు అతనికోసం కబురు పెట్టేవాళ్ళు. తవిటయ్యకి ఇది నచ్చలేదు. సముద్రానికి పింఛను లేదు, క్వార్టరు లేదు, మనిషి తిరిగొస్తాడన్న గ్యారంటీ అంతకన్నా లేదు. పోరి పోరి బావని ఒప్పించి, రైల్వేలో ఖలాసీగా వేయించి, మలంచా దగ్గర ఇల్లు చూపించి, చెల్లెలి బతుక్కి కూడా స్ప్లిట్ పిన్ను వేసేశాననుకున్నాడు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. రెండో ఏడు తిరక్కుండానే బయట పక్క పట్టాల సైడింగులో వ్యాగను తోస్తూ దేముడు కాలు జారాడు. చక్రం కుడి పాదం మీదుగా పోయింది. ఆస్పత్రిలో ముందు సగం తీసేశారు. మడమా, దాని ముందు నాలుగు వేళ్ళ మందం మాంసమూ మిగిలాయి. తర్వాత అతన్ని గేటు పక్క గదిలో కూర్చోబెట్టి, పనిలోకి వచ్చేవాళ్ళకి టోకెన్లు అందించే పని ఇచ్చారు. ఎనిమిది గంటలు స్టూలు మీద కూర్చోవడం, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం. పెళ్ళాంతో మాట లేదు, తిండి మీద ధ్యాస లేదు. ముప్పై ఏళ్ళ వాడు ముసలాడైపోయాడు.

గంగాభవాని అన్నని ఒక్క మాట అంది. "సముద్రం మింగనోడిని తెచ్చి సెక్రం కింద ఎట్టినావు." ఆ మాట అన్నాక ఇంకో మాట అనలేదు. తవిటయ్య వెళితే పీట వేసేది, మంచినీళ్ళిచ్చేది, లోపలికి పోయేది. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన చెల్లెలు. ఆమె నోట "అన్నా" అని ఒక్కసారి వినడం తప్ప తవిటయ్యకి ఆ ఏడాది ఇంకో కోరిక లేదు. దేముడు లేచి మనిషైతే తప్ప అది జరగదని కూడా తెలుసు.

అలాంటి రోజుల్లో డ్రైవర్ ఆర్థర్ ఆస్ట్రేలియా ప్రయాణం పెట్టుకున్నాడు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే ఊరు ఖాళీ చేస్తున్న కాలమది. ఆర్థర్ ఇంటి తలుపుల గడియలన్నీ తవిటయ్యే బిగించాడు. ఆ అభిమానంతో సామాన్లు సర్దుతూ పిలిచి, రబ్బరు బాతుకాళ్ళ జత ఒకటి చేతిలో పెట్టాడు. కాళ్ళకి తొడుక్కుని ఈదే సరుకది. ఓడలో పనిచేసే తమ్ముడు తెచ్చిచ్చాడట. రైల్వే ఈతకొలనులో ఆర్థర్ వాటితో తప్పతప్పమని ఈదుతుంటే క్వార్టర్ల వాళ్ళంతా కంచె అవతల నిలబడి చూసి నవ్వేవారు. బాతుకాళ్ళని పేరు పెట్టింది వాళ్ళే.

తవిటయ్య వాటిని తిన్నగా దేముడి దగ్గరికి పట్టుకెళ్ళాడు. దేముడు లేచి కూర్చుని, చాలాసేపు వాటిని వంచి చూశాడు.

"ఒకటిన్నర కాలికి రెండేటి బావా?" అన్నాడు.

అని నవ్వాడు. లోపల వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఏడాది తర్వాత మొగుడి నవ్వు విన్న మనిషి అక్కడ నిలబడిపోయిందని తవిటయ్యకి అర్థమైంది. ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాడు, చచ్చో చెడో ఈ సరుకు ఇతని కాలికి పట్టేలా చేయాలని.

దసరా వెళ్ళింది. ఊరికి దగ్గర్లోని కంసావతి ఏట్లో వరద తీసి నీళ్ళు తేటబడ్డాయి. రైలు వంతెన స్తంభాల దగ్గర ప్రవాహం తవ్విన మడుగులుంటాయి. వాటి అడుగున వరదకి కొట్టుకొచ్చిన మొద్దులు. వాటి మీద బెంగాలీ జాలర్లు చేపలు చేరడానికని కొమ్మలు పడేస్తారు. ఆ గుబురుల్లో నిలువెత్తు వాలుగలుంటాయి. ఆదివారం ఆదివారం ఇద్దరు బావలూ ఒకే సైకిలు మీద అక్కడికి వెళ్ళేవారు. గంగాభవాని అన్నం మూట కట్టి ఇచ్చేది గాని, నోరు విప్పేది కాదు.

మొదటి ఆదివారమే తెలిసింది, ఆర్థర్ సరుకు కొలనుకే గాని మడుక్కి పనికిరాదని. రెక్క పొట్టి, తన్నుడుకి బలం చాలదు. తవిటయ్య షాపులో పారేసిన మిషను బెల్టు ముక్క తెచ్చి, రెక్కకి జానెడు పొడుగు అతికి, రాగి రివెట్లు కొట్టాడు. అది మరీ బిర్రుగా తయారై దేముడి పిక్క పట్టేసింది. ఒడ్డున కాలు చాపుకుని దేముడు పాఠం చెప్పాడు.

"సేప తోక ఎప్పుడైనా సేత్తో పట్టి సూసినావా బావా? మొదట్లో గట్టిగుంటాది. కొసకొచ్చేసరికి తడి బట్టలాగుంటాది. తన్ను మొదట్లో పుట్టి కొసన ఆడాల. నువ్వు మొత్తం ఒకటే మందం ఎట్టినావు."

తవిటయ్య వారం రోజులు సానరాయి మీద బెల్టుని రుద్దాడు. మొదట్లో వేలి మందం, కొసన అట్ట మందం. నీళ్ళు లోపల నిలవకుండా మడమ కింద రెండు కన్నాలు పొడిచాడు. మూడోసారి దేముడు మునిగి, మడుగు ఆ ఒడ్డున తేలాడు. తేలి అక్కణ్ణించి చెయ్యి ఊపాడు. నేల మీద కుంటుతూ నడిచేవాడు నీళ్ళలో కుంటడం లేదు. ఆ సంగతి చూసి తవిటయ్య ఒడ్డున ఒంటరిగా నిలబడి ఏడ్చాడు. సంతోషానికే ఏడ్చాడు.

ఎడమ కాలికి ఇబ్బంది లేదు. పాదం ఉంది, తొడుగు పట్టుకుంటుంది, ఇష్టం లేకపోతే విదిలిస్తే ఊడుతుంది. గొడవంతా కుడికాలితోనే. పాదం లేదు కాబట్టి తొడుగుకి పట్టు లేదు. దేముడు తనకి తెలిసిన పద్ధతిలో, మెత్తటి నూలు తాడు చీలమండకి చుట్టి జారుముడి వేసుకున్నాడు. నాలుగు తన్నులకి ముడి వదులై బాతుకాలు ఊడి కొట్టుకుపోయింది. గంటసేపు వెతికి దిగువన రెల్లులో పట్టుకున్నారు. తవిటయ్యకి ప్రాణం చివుక్కుమంది. తన చేతి పని, ఊడి, ఏట్లో తేలిపోవడం!

"ఇంక తాడూ గీడూ ఒగ్గీ" అన్నాడు. "నాను పిన్నేస్తాను."

పాత బోగీ కిటికీల తోలు పట్టీతో చీలమండకి కడియం కుట్టాడు. దానికి పల్చటి ఇనప పట్టీ తాపడం చేశాడు. పట్టీ రెండు కొసలూ మడమ వెనక కలిసేచోట పిన్ను, పిన్ను కొసన స్ప్లిట్ పిన్ను. వెనకెందుకంటే, పక్కన ఉంటే రెండో కాలికి గీసుకుంటుంది, ముందుంటే నాచు పట్టుకుంటుంది. అన్నీ ఆలోచించాడు. దేముడు కడియం పెట్టించుకుని, వెనక్కి చెయ్యి చాపి తడిమి చూశాడు. వేళ్ళు అందీ అందనట్టు తగులుతున్నాయి.

"బాగుంది బావా. కాని నీల్లల్లో కట్టిందేదైనా ఒక్క లాగుకి ఊడాల. మా అయ్య మొల తాడు కూడా జారుముడే ఏసీవోడు."

"ఊడిపోయేదాన్ని బిగించడం అంటారేటి?" తవిటయ్యకి కోపం వచ్చింది. "నా సర్వీసులో ఒక్క పిన్ను ఊడినాదా? అడుగు ఎవుడినైనా."

"ఊడనేదు. అదే బావా నాను..." దేముడు బావ మొహం చూసి ఆగిపోయాడు. తనకోసం నెలరోజులుగా వేళ్ళు కోసుకుంటున్న మనిషి. అతని చిన్నబోయిన మొహం చూడలేక, "పోన్లే, నీ పిన్నే ఎయ్యి" అన్నాడు. మొహమాటం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి లెక్కలు లేవు.

ఆ తర్వాత మూడు నెలలు నిజంగా బాగా గడిచాయి. అది కూడా చెప్పాలి. పిన్ను ఊడలేదు. తవిటయ్య ఒడ్డున కూర్చోబెట్టి ప్లయరుతో కాళ్ళు విరిచేవాడు, పైకొచ్చాక తనే సరిచేసి లాగేసేవాడు. దేముడు మూడు పళ్ళ ఈటె ఒకటి చేయించుకున్నాడు. వెనక సైకిలు ట్యూబు రబ్బరు కట్టి లాగి వదిలితే అది బాణంలా దూసుకుపోయేది. గుబుర్ల మధ్య కదలకుండా పడి ఉండి, వాలుగ మొహం ఎదురుగా వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఒడ్డున బెంగాలీ జాలర్లు బీడీ ముట్టించి, అది అయిపోవస్తుందనగా "దాదా, ఉఠ్‌బే తో?" అని తవిటయ్యని కంగారుగా అడిగేవారు. లేస్తాడా లేవడా అని. లేచేవాడు. చేపతోనే లేచేవాడు. టోకెన్ల గది దగ్గర జనం అతన్ని పేరు పెట్టి పలకరించడం మొదలెట్టారు. ఇంట్లో మళ్ళీ మాటలు, చేపల పులుసు వాసన, పోట్లాటలు కూడా. ఒక ఆదివారం తవిటయ్య చేప దించి వెళ్ళిపోతుంటే వెనక నుంచి వినిపించింది.

"అన్నా, తినీసి ఎల్లు."

తవిటయ్య తలెత్తకుండా రెండు కంచాల అన్నం తిన్నాడు. ఇంటికెళ్ళి పెళ్ళాం సింహాచలమ్మతో "గంగి మాటాడింది" అన్నాడు.

మాఘమాసంలో ఒక శనివారం తవిటయ్యకి రేపు డ్యూటీ అని కబురొచ్చింది. ఎక్కడో చిన్న స్టేషన్లో గూడ్సు పట్టా తప్పింది, రిలీఫ్ బండితో వెళ్ళాలి. దేముడేమో క్రితం వారం మూడో స్తంభం కింద ఒక పెద్ద వాలుగని చూసి వదిలాడు. వారమంతా దాని కబుర్లే. ఆదివారం మానుకోవడం అతనివల్ల కాదు.

"నాను ఎల్తాను తోడు" అంది గంగాభవాని. "ఆ పిన్నెలగెయ్యాలో సూపించు."

తవిటయ్య అక్కడే దేముడి కాలు పీట మీద పెట్టించి చెల్లెలికి నేర్పాడు. ఆమె ప్లయరు తిప్పడం రాక ఒక కాలు కాస్త వంచి వదిలేసింది. ఆయన ఊరుకోలేదు. షాపులో కుర్రాళ్ళకి చెప్పినట్టే చెప్పాడు.

"అది సగం పని. రెండు కాల్లూ విరవాల. పూర్తిగా. వేలు పెట్టి లాగినా కదలకూడదు. మల్లీ సెయ్యి."

ఆమె మళ్ళీ చేసింది. నాలుగోసారికి సరిగ్గా కుదిరింది. తవిటయ్య వేలితో లాగి చూసి, "మా షాపులో ఫిట్టరుద్యోగం ఇప్పించీయొచ్చు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

మర్నాడు రెండు గంటల వేళ రిలీఫ్ బండి దిగి యార్డులో చేతులు కడుక్కుంటుంటే జ్ఞానప్రకాశం సైకిలు మీద వచ్చాడు. అదే షాపు మనిషి, గంగాభవాని ఇంటి పక్క క్వార్టరు. ప్రతి ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా నిలువునా తడిసి, బురదై ఉంది.

"ఎక్కు బావూ. ఏటీ అడక్కు."

వంతెన దగ్గరికి వెళ్ళేసరికి జాలర్లు అప్పుడే దేముణ్ణి ఒడ్డుకి చేర్చారు. మూడో స్తంభం కింద రెండు మొద్దుల పంగలో కుడికాలి రెక్క ఇరుక్కుందట. కనిపెట్టడానికే గంట పట్టిందట. మొద్దుకి తాడు వేసి ఆరుగురు లాగితే గాని మనిషి రాలేదు. "పా ఆట్‌కే గెఛిలో, దాదా" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, కాలు ఇరుక్కుపోయిందని తన కాలు పట్టుకుని చూపిస్తూ. దూరంగా ఆడవాళ్ళు గంగాభవానిని పట్టుకుని ఉన్నారు. ఆమె అరవడం లేదు. అరిచి అరిచి గొంతు పోయింది.

తవిటయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎడమ కాలు ఖాళీ. దాని బాతుకాలు ఎప్పుడో విదిలించేశాడు, అది పైకి తేలడం చూసే జాలర్లు దిగారు. కుడికాలిది మాత్రం ఉంది. కడియం ఉంది. పిన్ను ఉంది. తవిటయ్య కాలు పక్కకి తిప్పి మడమ వెనక చూశాడు.

స్ప్లిట్ పిన్ను ఒక కాలు తిన్నగా ఉంది. రెండోది విరిచినట్టే ఉంది.

దేముడి కుడిచేతి వేళ్ళు చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ గోళ్ళు లేవు. ఆ లోతులో, ఆ చీకట్లో, కాలు పైకి పట్టేసి ఉండగా మనిషి నడుం రెండుగా వంచి వెనక్కి అందుకుని, వట్టి వేళ్ళతో ఇనుముని విప్పాడు. సగం విప్పాడు. ఇంకో సగానికి ఊపిరి మిగల్లేదు. నూలు తాడైతే ఒక్క లాగు.

ఇదంతా అక్కడున్నవాళ్ళలో తవిటయ్యకి తప్ప ఎవరికీ తెలియలేదు. జేబులోంచి ప్లయరు తీశాడు. పని తెలిసిన చేతులు కాబట్టి రెండో కాలు కూడా విప్పి పిన్ను లాగేశాడు. కడియం విప్పి, ఆ వేలెడు తీగని చొక్కా జేబులో వేసుకున్నాడు. పోలీసు వచ్చి, కాలు మొద్దుల్లో చిక్కి ఊపిరాడక పోయాడని రాసుకున్నాడు. నిజమే రాసుకున్నాడు.

పదకొండు రోజులూ తవిటయ్య చెయ్యాల్సినవన్నీ చేశాడు. తిన్నాడు, పడుకున్నాడు, బంధువులకి కబుర్లంపాడు. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. నా పిన్ను. బావ వద్దన్నా నేను వేసిన పిన్ను. సింహాచలమ్మతో చెబితే ఆమె చెవులు మూసుకుంది. "ఒగ్గీ. పోయినోడు పోనాడు. ఇంక ఆ మాట ఈ గుమ్మం దాటకూడదు" అంది. చదువురాని మనిషి మాట అని కొట్టిపారేశాడు. షాపులో జ్ఞానప్రకాశంతో, ఏమిటో చెప్పకుండా, మనసులో ఒక తప్పుంది అని మాత్రం అన్నాడు.

"దాస్తే కుల్లిపోతాది బావూ" అన్నాడు జ్ఞానప్రకాశం. "నోటితో వొప్పేసుకో. ఎవురికి సేసినావో ఆల్లకే సెప్పీ. ప్రభువైనా అదే అడుగుతాడు."

ప్రభువు సంగతి తవిటయ్యకి తెలియదు గాని షాపు సంగతి తెలుసు. తప్పు ఎవరిదో వాడు ముందుకొచ్చి నిలబడితే కాగితం మూసేస్తారు. జీవితంలో మొదటిసారి ఆయనకి ఆ మాట అనవలసిన పని పడింది. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పినవాడు తను వెనకాడితే ఎలా? అపరాధంలో కూడా మనిషికి కాస్త గర్వం ఉంటుంది. తన తప్పు తనకెంత పెద్దగా కనపడిందంటే, దాని పక్కన ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమో అని చూసుకోలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం వెళ్ళాడు. గంగాభవాని గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. చేతులకి గాజుల్లేవు. అన్నని చూసి పీట జరిపింది.

"కూకో అన్నా. వొదిన తిన్నాదా?"

ఆ "అన్నా" విని తవిటయ్యకి నిలబడ్డానికి కూడా అర్హత లేదనిపించింది. కూర్చోలేదు.

"గంగీ, నీకో మాట సెప్పాల." జేబులోంచి స్ప్లిట్ పిన్ను తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఫోర్‌మన్ ముందు చెప్పినట్టే, ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎవరిది అన్న వరసలో చెప్పాడు. "పోలీసోడు కాలు ఇరుక్కుందని రాసినాడు. కాలు కాదు ఇరుక్కుంది. రబ్బరు రెక్క ఇరుక్కుంది. కడియం ఊడొస్తే మడిసి పైకి తేలీవోడు. ఎడమకాలిది ఊడినాది గదా. కుడికాలిది నా పిన్ను ఊడనివ్వనేదు. బావ సెప్పినాడు నాకు, నీల్లల్లో జారుముడే ఉండాలని. నానే ఇన్నేదు. నా గొప్పకి పోయినాను. తప్పు నాదే గంగీ. నాదే."

చెప్పేశాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయన గుండె తేలికపడింది. పన్నెండు రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది. ఇక ఆమె తిట్టినా, మొహాన ఉమ్మినా, జీవితాంతం మాట్లాడకపోయినా పడటానికి సిద్ధంగా నిలబడ్డాడు.

గంగాభవాని తిట్టలేదు. చేట కింద పెట్టి, అరచేతిలోకి వంగి చూసింది.

"ఈ కాలు ఇలగ తిన్నగా ఉందేటి?"

"బావ... సేత్తో" అన్నాడు తవిటయ్య.

"సేత్తోనా?" ఆమె రెండో కాలు మీద వేలు పెట్టింది. "మరి ఇది?"

"అది ఒడ్డుకి తెచ్చినాక నాను ప్లయరుతో ఇప్పినాను."

"ఆ రోజు ముందు ఒక కాలే విరిచినాను" అంది గంగాభవాని. గొంతు ఇంకా బాగుపడలేదు, బొంగురుగా వస్తోంది. "ఆయన నవ్వీసి, సాల్లే గంగీ, మీ అన్న సూడొచ్చినాడేటి అన్నాడు. లెగిసిపోబోనాడు. నానే వొప్పుకోనేదు. మా అన్న సగం పనంటాడు, కూకో అని కాలట్టుకుని కూకోబెట్టినాను. రెండోది అప్పుడు విరిచినాను. నువ్వు సెప్పినట్టే, యేలెట్టి లాగి సూసినాను. కదల్నేదు."

తవిటయ్యకి అప్పుడు తెలిసింది తను ఏం చేశాడో. పిన్ను తనదే గాని దాన్ని వేసిన చెయ్యి తనది కాదు. శనివారం నాలుగుసార్లు చేయించి, మెచ్చుకుని, నవ్వుకుని, పన్నెండు రోజుల్లో ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాడు. తన తప్పు మొయ్యడంలో అంతగా మునిగిపోయాడు.

"నువ్వు కాదు గంగీ! నీకేటి తెలుసు? నాను సెప్పబట్టి..."

"సెయ్యి నాది గదన్నా."

తవిటయ్య గోడ పట్టుకుని కింద కూలబడ్డాడు.

"మొద్దుల్లో ఇరుక్కున్నాడు, గంగమ్మ తల్లి అట్టుకుపోనాదనుకున్నాను" అంది ఆమె. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టే అడిగింది. "అలగనుకునే బతికీదాన్ని. ఎందుకు సెప్పినావన్నా? నువ్వు మొయ్యలేక నాకట్టుకొచ్చినావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు, నిలువుగా ఊపాడు, తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

గంగాభవాని చెయ్యి చాపింది. "అది నాకిచ్చీ."

ఇవ్వకూడదని తెలిసినా, వద్దనే మాట తన నోటికి ఇక రాదని కూడా తెలుసు కనుక, ఇచ్చాడు. ఆమె ఎడమ చేతిలో పెట్టుకుని గుప్పిట మూసింది.

"ఇంకెల్లు. వొదిన ఎదురు సూస్తాది. ఈ మాట ఇంకెవురికీ సెప్పకు. ఇద్దరం సాలు."

తవిటయ్య లేచి గుమ్మం దిగాడు. వెనక్కి చూస్తే ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. గుప్పిట విప్పలేదు. కుడిచేత్తోనే బియ్యం ఏరుకుంటోంది.